మూడో ట్రాకు

ఆమెకు రంపం అని పేరు పెట్టింది కింది వాటాలో ఉండే దర్జీ. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. గిటారు కొత్త. దానికి తగిలించిన ఆంప్లిఫయరు మాత్రం పాతది, గురకపెట్టేది. ఒకరోజు పొద్దున్నే మొదలుపెట్టి భోజనాల వేళ దాకా ఆపకుండా వాయిస్తుంటే, దర్జీ మెట్ల దగ్గరికి వచ్చి పైకి చూసి, "అమ్మాయ్, ఇందాకటినుంచీ రంపంతో కోస్తున్నావు, మంచాన్నా మనిషినా?" అని అరిచాడు. వాళ్లన్నయ్య పడీపడీ నవ్వాడు. సాయంత్రానికల్లా వీధంతా రంపం అంది. రెండేళ్లలో గోడల మీద పోస్టర్లూ అదే అన్నాయి.

అన్న పాడేవాడు, బేస్ గిటారు వాయించేవాడు. డ్రమ్ములు వాయించేవాణ్ణి సుత్తి అనేవాళ్లు. దానికి రెండు కారణాలున్నాయి. మేకులు దిగ్గొట్టినట్టు డ్రమ్ములు కొట్టడం ఒకటి. నోరు తెరిస్తే ఎదుటివాడి ప్రాణం కడబట్టేదాకా ఆపకపోవడం ఇంకొకటి. ముగ్గురూ కలిసి వాయించేది పంక్ రాక్. "దీనికి సంగీతం రానక్కర్లేదు, ఒళ్లు మండితే చాలు" అనేవాడు అన్న. మూడు స్వరాల గుత్తులు, రెండు నిమిషాల పాట, గొంతు చిరిగేదాకా అరుపు.

ఆమెకు పంతొమ్మిదేళ్లప్పుడు "తలుపు తియ్యను" అనే పాట రికార్డు చేశారు. ఆ రోజు ఆమెకు నూట మూడు జ్వరం. స్టూడియోలో కంబళి కప్పుకుని వాయించిందని గుర్తు, గోడలు దగ్గరికి జరుగుతున్నాయని ఎవరితోనో అన్నదని గుర్తు, ఎవరో పట్టుకుని బండెక్కించారని గుర్తు. అంతే. రెండు నెలల తర్వాత రికార్డు ఇంటికొచ్చింది. సూది పెట్టగానే ఆమె నిర్ఘాంతపోయింది. ఆ గిటారు వేరే మనిషిది. కోపముంది గానీ తొందర లేదు. రెండో చరణం కాగానే పాటంతా ఠక్కున ఆగిపోతుంది. గిటారు ఒక్కటే, రేకు డబ్బాను రాతి మీద ఈడ్చినట్టు మూడు సెకన్లపాటు గీరుతుంది. ఆ గీరు కిందికి జారి పాటను మళ్లీ అందుకుంటుంది.

"ఇది నేనేనా అన్నయ్యా?"

"నువ్వు కాక మీ తాతా? జ్వరంలో పూనకం వచ్చిందే నీకు!"

ఆమె సంతోషం పట్టలేక ఏడ్చేసింది. తర్వాత గిటారు తీసుకుని వాయించబోతే చెయ్యి తిరగలేదు. జ్వరంలో వచ్చింది జ్వరంతోనే పోయిందనుకుంది. మూడు నెలలు రికార్డు ముందు కూర్చుని, సూదిని వెనక్కి పెట్టుకుంటూ, తను వాయించినదాన్ని తనే నేర్చుకుంది.

ఆ పాట వాళ్లను ఎక్కడికో తీసుకెళ్లింది. వీధిలో పిల్లలు ఆ గీరును నోటితో చేసేవాళ్లు. పదహారేళ్లపాటు ముగ్గురూ ఒకే వ్యానులో తిరిగారు. రేకుల షెడ్లలో వాయించారు, కాలేజీ హాళ్లలో వాయించారు, ఒకసారి గెలిచిన ఫుట్‌బాల్ జట్టు కోసం, ఇంకోసారి ఓడిపోయిన జట్టు కోసం వాయించారు. ఓడిన జట్టువాళ్లు సీసాలు విసిరారు. తర్వాత చేసిన రికార్డులేవీ ఆ మొదటిదాని కాలిగోటికి సరిపోలేదు. కలిసిన ప్రతి విలేకరీ ఆ గీరు గురించే అడిగేవాడు. "జ్వరమండీ" అనేది రంపం. అందరూ నవ్వేవాళ్లు.

ముప్పై అయిదో ఏట ఒకరోజు పొద్దున కెటిల్ ఈల వేస్తోందని వంటింట్లోకి వెళ్లింది. స్టవ్ వెలిగించే లేదు. ఈల ఆమె చెవిలో మోగుతోంది. డాక్టరు పరీక్ష చేసి, "ఎడమ చెవి అయిపోయింది. కుడిది కూడా అయిపోవాలంటే ఇలాగే వాయించుకోండి" అన్నాడు. ఆమె కుర్చీలోంచి లేవలేకపోయింది. బయట వరుసలో ఉన్న రోగి తలుపు తోసి చూసేదాకా అలాగే కూర్చుంది.

రేడియోలోకి అనుకోకుండా వచ్చింది. గిటారు ఎందుకు మానేశారో చెప్పమని ఒక మధ్యాహ్నం అతిథిగా పిలిచారు. స్టేషన్ మేనేజరు ఆమె మాటలు విని, "నీ గిటారు కంటే నీ నోరే పదునుగా ఉంది, రేపట్నుంచి రా" అన్నాడు. మొదటి నెలంతా కాగితాలు మైకు ముందే నలిపేది, మైకు ఆన్‌లో ఉందని మర్చిపోయి తిట్టేది. నెమ్మదిగా పని పట్టుబడింది. రేడియోవాళ్లు మౌనానికి భయపడతారని తెలిసింది. మూడు సెకన్లు ఏమీ వినిపించకపోతే దుకాణం మూసేశారనుకుని శ్రోత వెళ్లిపోతాడు.

ఆమె కార్యక్రమం పేరు "విడివిడిగా". రోజూ మధ్యాహ్నం మూడింటికి వచ్చేది. పాత పాటల అసలు టేపులు సంపాదించి, ఒక్కో వాయిద్యాన్ని విడదీసి వినిపించేది. డ్రమ్ములు ఒక్కటే, గొంతు ఒక్కటే, చివరికి అన్నీ కలిపి. లారీ డ్రైవర్లు, మందుల షాపులవాళ్లు, ఆసుపత్రి వార్డుల్లో ఆయాలు దానికి అలవాటుపడ్డారు. పదమూడేళ్లు నడిచింది. అందులో ఆమె పెట్టుకున్న నియమం ఒకటే. తను ముందుగా వినదు. శ్రోతలతో పాటే మొదటిసారి వింటుంది.

ఆమెకు నలభై తొమ్మిదేళ్లొచ్చిన ఏడాది పాత స్టూడియో భవనాన్ని పడగొట్టారు. యజమాని మేనల్లుడు అటక మీదున్న టేపుల పెట్టెలన్నీ రేడియో స్టేషనుకు పంపాడు. ఒక పెట్టె మీద పెన్సిలుతో "తలుపు తియ్యను" అని ఉంది. సౌండ్ ఇంజినీరు ఎగిరి గంతేశాడు. మర్నాటి కార్యక్రమానికి అదే పెట్టుకున్నారు.

"ముందు ఒక్కసారి విని చూసుకుందామా మేడమ్?" అన్నాడతను.

"నా పాటకి ఒక నియమం, పక్కవాడి పాటకి ఇంకో నియమమా?" అంది రంపం.

మొదటి ట్రాకులో సుత్తి. "విన్నారా? ఇల్లు కడుతున్నాడు" అంది మైకులో. రెండో ట్రాకులో అన్న గొంతు, వెనకాల బేస్. "మా అన్నయ్య గొంతు అప్పట్నుంచీ ఇంతే, జలుబు కాదు" అంది. అద్దం అవతల ఇంజినీరు నవ్వుతున్నాడు.

"ఇక మూడో ట్రాకు. ఇది నేను. నూట మూడు జ్వరంలో ఉన్నాను, పెద్దమనసు చేసుకుని వినండి."

మీట పైకి తోసింది. టేపు సన్నగా బుసకొట్టింది. కుర్చీ కిర్రుమంది. తర్వాత చిన్నగా రెండు దగ్గులు వినిపించాయి. ఆ వెంటనే ఒక ఆడగొంతు, "ఊఁ, కానివ్వండి" అంది.

గిటారు మొదలైంది.

ఆ రెండు దగ్గులూ రంపం ముప్పై ఏళ్లుగా వింటున్నవే. సూదిలో దారం ఎక్కించేముందు, ఉత్తరం చింపేముందు, ఏ పని మొదలుపెట్టేముందైనా వచ్చే దగ్గులు. అవి వదినవి. వదిన అప్పట్లో ఆ స్టూడియోలోనే టేపులు నడిపే ఉద్యోగం చేసేది. అన్నకు పరిచయమైంది అక్కడే. రికార్డు వచ్చిన నెలకే పెళ్లయింది.

రెండు నిమిషాల పదకొండు సెకన్లు గిటారు మోగింది. గీరు వచ్చింది, పోయింది. పాట అయిపోయాక కూడా టేపు తిరుగుతూనే ఉంది. దూరం నుంచి అన్న గొంతు, కుర్రతనపు గొంతు, "అదిరింది! ఇదే ఉంచేద్దాం. దానికి నేను చెప్పుకుంటాలే" అంది. టేపు ఆగింది.

తొమ్మిది సెకన్లు రేడియోలో ఏమీ వినిపించలేదు. అద్దం అవతల ఇంజినీరు రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. ఆమెకు అతను కనిపిస్తున్నాడు గానీ, ఎందుకు ఊపుతున్నాడో అర్థం కావడం లేదు. చివరికి మైకు దగ్గరికి వంగి, "అది... అది నేను కాదండీ" అంది. ఇంజినీరు ఏదో పాట వేసేశాడు. ఫోను దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి.

మిగిలిన అరగంట ఎలా గడిచిందో ఆమెకు తెలియదు. వాతావరణ సమాచారం రెండుసార్లు చదివిందని తర్వాత ఎవరో చెప్పారు.

అన్న ఇప్పుడు మైకు సెట్లు అద్దెకిచ్చే షాపు నడుపుతున్నాడు. షాపు వెనక గదిలో వదిన పాడైన మైకులూ స్పీకర్లూ బాగుచేస్తుంది. రంపం వెళ్లేసరికి వదిన కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని ఏదో తీగకు టంకం వేస్తోంది. పక్కన రోజూ మోగే రేడియో కట్టేసి ఉంది.

"విన్నావా?" అంది రంపం.

"విన్నాను."

"నువ్వేనా?"

వదిన టంకం కడ్డీని జాగ్రత్తగా స్టాండులో పెట్టింది. "నేనే."

రంపం పక్కనున్న స్పీకరు పెట్టె మీద కూర్చుంది. ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో మసలిన మనిషిని అడగవలసిన ప్రశ్న ఇప్పుడు నోటికొచ్చింది. "నీకు గిటారు వచ్చా?"

"మా నాన్న వాయిద్యాలు బాగుచేసేవాడు కదా. బాగైనవి సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూడటం నా పని. అలా వచ్చింది." వదిన కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "ఆ రోజు నువ్వు వాయించింది బాగా రాలేదు. శ్రుతి లేదు, తాళం లేదు. పాపం, కళ్లే తెరవలేకపోయావు. నిన్ను పంపించేశాక ఇంకో అరగంటే మిగిలింది, తర్వాత వేరేవాళ్లు వస్తారు. మీ అన్నయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. నేను వాయించనా అన్నాను."

"ఒక్కసారికే వచ్చిందా?"

"ఒక్కసారే వాయించాను."

"మరి ఆ గీరు? అది ఎలా తట్టింది నీకు?"

"అదా?" వదిన మొహంలో సిగ్గులాంటిది కనిపించింది. "అది తప్పు."

"తప్పేంటి?"

"అక్కడ అందరూ మూడు సెకన్లు ఆగాలి కదా, సరిగ్గా అప్పుడే చేతిలోంచి తీగలు మీటే బిళ్ల జారిపోయింది. పట్టుకోబోతే గోరు తీగ మీద పడి ఆ చివరిదాకా గీసుకుపోయింది. మళ్లీ వాయిస్తానన్నాను. మీ అన్నయ్య వద్దన్నాడు, బాగుందన్నాడు."

రంపం తన చేతికేసి చూసుకుంది. మూడు నెలల సాధన. పదహారేళ్ల కచేరీలు. రాత్రికో గీరు లెక్కన ఎన్ని వేల గీరులు! "అంటే నేను పదహారేళ్లు ఒక తప్పుని, తప్పు పోకుండా వాయించానన్నమాట" అంది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో ఆమెకే తెలియలేదు.

అప్పుడే అన్న వచ్చాడు. ఎక్కడో సభకు స్పీకర్లు దించి వస్తున్నాడు, భుజం మీద వైరు చుట్ట. "ఏంటి, ఇద్దరూ శవం ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు?"

"మూడో ట్రాకు రేడియోలో వేశాను అన్నయ్యా."

అతని మొహంలో రంగు దిగిపోవడం ఆమె చూసింది. ఆ వెంటనే కోపం వచ్చిపడింది. "ముప్పై ఏళ్ల కిందటిది ఇప్పుడెందుకు తవ్వావే? నీకేం తక్కువైంది? పేరొచ్చింది, ఊళ్లన్నీ తిరిగావు!"

"చెప్పుకుంటాలే అన్నావు. టేపులో ఉంది. ఊరంతా విన్నారు."

అన్న వైరు చుట్ట కింద పడేశాడు. "చెబుదామనే అనుకున్నాను. రికార్డు విని నువ్వు ఏడ్చావు గుర్తుందా? ఆ మొహం చూసి ఎలా చెప్పమంటావు?"

"తర్వాత?"

"తర్వాత ఆలస్యమైపోయింది." భార్య వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పు. నీకేమైనా అన్యాయం జరిగిందా ఈ ఇంట్లో?"

వదిన కళ్లజోడు పెట్టుకుని టంకం కడ్డీ అందుకుంది.

మర్నాడు స్టేషన్ మేనేజరు రంపాన్ని గదిలోకి పిలిచాడు. "వారం సెలవు పెట్టు. జనం మర్చిపోతారు. వాళ్లకి వేరే పనుల్లేవా?"

"మరి నేనెలా మర్చిపోను?" అని ఆమె స్టూడియోలోకి వెళ్లి కూర్చుంది. మూడింటికి మైకు తెరిచి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆ గిటారు నాది కాదు, మా వదినది. నాకు నిన్ననే తెలిసింది. మీరు మెచ్చుకున్నవన్నీ ఆమెకు చెందాలి.

ఫోన్లు వెల్లువెత్తాయి. ఒకామె దొంగ అంది. ఒకాయన తన ముంజేతి మీద రంపం అని పచ్చబొట్టు ఉందని, ఇప్పుడు దాన్ని వదిన అని ఎలా మార్పించుకోవాలో చెప్పమని అడిగాడు. ఒక ఫోను సుత్తిది.

"నాకు తెలుసే" అన్నాడు. "నేనక్కడే ఉన్నాను కదా. నాలుగు రోజులకొకసారి నోటిదాకా వచ్చేది. మీ అన్న ఒట్టు వేయించుకున్నాడు."

నీళ్లు కాగడం గురించి కూడా గంటసేపు మాట్లాడగల మనిషి, ఈ ఒక్క మాటనూ ముప్పై ఏళ్లు మింగి కూర్చున్నాడు.

వదినను స్టేషనుకు రమ్మని రంపం మూడుసార్లు అడిగింది. "నాకు పనుంది" అని మూడుసార్లూ చెప్పింది. అయిదో రోజు కార్యక్రమం మధ్యలో తలుపు తెరుచుకుంది. చేతిలో సంచితో వదిన నిలబడి ఉంది. ఎవరూ చెప్పకుండానే ఎదురు కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మైకును చూసి, "దీని జాలీ తుడవరా మీరు?" అంది. అది కూడా రేడియోలో వెళ్లిపోయింది.

ఒక శ్రోత, నడివయసు మనిషి గొంతు, ఆమెను అడిగాడు. "అమ్మా, ఇన్నేళ్లు మీకు కోపం రాలేదా?"

రెండు దగ్గులు. "వచ్చింది. ఇంకా ఉంది."

"ఎవరి మీదమ్మా?"

"మా ఆయన మీద కొంచెం. అబద్ధం చెప్పిన మనిషికి ఎలాగూ దినదినగండమే, వాళ్ల మీద కోపం ఎక్కువ కాలం నిలవదు." వదిన గొంతు పైకి లేవలేదు. "ఎక్కువ కోపం ఈమె మీద."

రంపం కలంతో ఏదో రాసుకుంటోంది. కలం ఆగిపోయింది.

"పెళ్లై కొత్తగా వచ్చాను. నా ఎదురుగానే కూర్చుని రోజూ ఆ ముక్క నేర్చుకునేది. తను వాయించినదాన్ని తనే నేర్చుకోవడమేంటి? రికార్డు పెట్టేది, తీసేది, వేళ్లు నొప్పెట్టేదాకా వెతుక్కునేది. నేను కూరగాయలు తరుగుతూ చూసేదాన్ని. ఇవాళ అడుగుతుంది, రేపడుగుతుంది అనుకున్నాను. అడిగితే చెప్పేదాన్నే. ఒట్టు వేయించుకుంది సుత్తి దగ్గర, నా దగ్గర కాదు." రంపం కళ్లలోకి చూసింది. "నీకు నిజంగా ఒక్కసారైనా అనుమానం రాలేదా?"

రాలేదని చెబితే చెల్లిపోయేది. ఆ మాట నాలుక మీద సిద్ధంగానే ఉంది కూడా. కానీ సరిగ్గా అప్పుడే ఒక సాయంత్రం ఆమెకు గుర్తొచ్చింది. మూడో నెలలో, కిటికీ పక్కన. ఇవి నా వేళ్లు తొక్కిన దారులు కావు అనిపించి గిటారు మంచం మీద పెట్టేసింది. చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడిచి వచ్చింది. వచ్చి మళ్లీ మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎన్నడూ దాని జోలికి పోలేదు. అయిదు రోజుల కిందట టేపు విన్నప్పుడు కలిగిన నిర్ఘాంతం ఒక ఎత్తు, ఇప్పుడు తన లోపలే ఇది దొరకడం ఒక ఎత్తు.

"వచ్చింది" అంది రంపం. "ఒకసారి వచ్చింది. అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావని భయమేసింది."

మళ్లీ మౌనం. ఈసారి ఇంజినీరు చేతులు ఊపలేదు. వదిన తల పంకించి, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, సంచి తీసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత జరిగినవి పెద్ద విశేషాలేమీ కావు. రికార్డును మళ్లీ అచ్చువేసినప్పుడు అట్ట మీద గిటారు అన్న చోట వదిన పేరు పడింది. కంపెనీవాళ్లు ముందు "అతిథి" అని రాశారు. "నేనెవరింటికీ అతిథిగా పోలేదు" అని వదిన కొట్టేయించింది. ఆ పాట వాయించమని ఎవరడిగినా వాయించదు. ఒక్కసారి వాయించి మర్చిపోయానంటుంది. ఆదివారాలు మధ్యాహ్నం షాపు వెనక గదిలో సుత్తితో కూర్చుని ఏవో మెల్లని పాటలు వాయిస్తుంది. రంపం వెళ్లి కుడి చెవి అటు తిప్పి కూర్చుంటుంది. వదిన ఆమెను రమ్మనీ అనదు, పొమ్మనీ అనదు. నాలుగో ఆదివారం మాత్రం ఇంకో కుర్చీ తెచ్చి పెట్టింది.

అన్న నాలుగు నెలలు చెల్లెలితో మాట్లాడలేదు. భార్యతో షాపు లెక్కలు తప్ప ఇంకో మాట లేదు. అయిదో నెలలో ఒక మధ్యాహ్నం ఇంజినీరు అద్దం అవతలినుంచి, "ఎవరో పెద్దాయన, ముప్పావు గంటనుంచి లైన్లో ఉన్నారు, విషయం చెప్పనంటున్నారు" అని సైగ చేశాడు. రంపం మీట తోసింది.

ఆ జలుబు గొంతు దగ్గినప్పుడే అన్నయ్య అని తెలిసిపోయింది. రోడ్ల మీద గుంతల గురించి ఒక నిమిషం మాట్లాడాడు. మీ స్టేషను సిగ్నలు మా వైపు సరిగా అందడం లేదన్నాడు. అప్పట్లో తను కుర్రాణ్ణనీ, అందరి మంచికే చేశాననీ అన్నాడు. ఆమె ఊఁ కొడుతూ పోయింది.

"సరే" అన్నాడు చివరికి. "తప్పు నాది. ఆ ఆడవాళ్లిద్దరిదీ కాదు. ఇక ఏదైనా పాట వెయ్యి."

"ఏ పాట కావాలండీ?" అంది.

"అది తప్ప ఏదైనా."